డాబా మీద సోలార్, పక్కనే సముద్రం

ప్రశ్న: సాగర్ నగర్‌లో ఇల్లు కడుతున్నాం, ఇంకా స్లాబ్ వేయలేదు. నెలకు 300 యూనిట్లు కాలుతుంది. ఎన్ని కిలోవాట్ల సోలార్ సరిపోతుంది? ఉప్పుగాలికి స్టాండ్లు తుప్పు పడతాయా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: 3 కిలోవాట్లు చాలండి. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, వానాకాలంలో తగ్గుతాయి. నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి. వాటర్ ట్యాంకును ఉత్తరం వైపుకు జరపండి. ప్యానెళ్లు దక్షిణం వైపు 15 డిగ్రీల వాలులో ఉండాలి.

తుప్పు భయం నిజమే. కనీసం 80 మైక్రాన్ల జింకు పూత ఉన్న స్టాండ్లు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడగండి. డాబా మీదికి తెచ్చాక కోసినా, రంధ్రాలు వేసినా పూత పోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ చోట్ల వెంటనే జింక్ పెయింట్ వేయించాలి.

2014 హుద్‌హుద్ గాలి గుర్తుందిగా! స్టాండు దిమ్మెల ఇనుప చువ్వలను ఇప్పుడే స్లాబ్ కడ్డీలకు కట్టించండి. తర్వాత డ్రిల్లింగ్ చేస్తే నీరు కారుతుంది.

ఇంకో మాట: బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (వీధి కరెంటు లైనుకు కలిపే) సోలార్, లైన్లో కరెంటు పోతే పట్టపగలైనా ఆగిపోతుంది. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు.