పెద్ద అక్వేరియం తరలింపునకు 15,000 రూపాయలు పెట్టవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని అద్దె ఇంటి నుంచి మధురవాడలో మేము కొనుక్కున్న మూడో అంతస్తు ఫ్లాటుకు వచ్చే నెలలో మారుతున్నాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అక్వేరియంలో ఒక అరోవానా, నాలుగు ఆస్కార్ చేపలు ఉన్నాయి. అన్నీ మళ్లీ కొనాలంటే సుమారు లక్ష రూపాయలవుతుంది. సామాన్లు తరలించే సంస్థ దీనికి అదనంగా 4,000 అడుగుతుంటే, అక్వేరియంలు అమర్చే నిపుణుడు 15,000 అడుగుతున్నారు. అత్యవసర నిధి 1,20,000 ఉంది. ఎవరికి అప్పగించాలి? డబ్బు అందులోంచి తీయాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: నిపుణుడికే అప్పగించండి, డబ్బు అత్యవసర నిధి నుంచే తీయండి. అయితే ఆ 15,000లో ఏయే పనులు ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

రెండు కొటేషన్ల మధ్య తేడా 11,000. లక్ష రూపాయల సొత్తు పూర్తిగా పాడయ్యే అవకాశం నిపుణుడి వల్ల వందలో పదకొండు పాళ్లు తగ్గినా ఆ తేడా గిట్టుబాటైనట్లే. నా అంచనాలో అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే మామూలు కూలీలకు తెలియని ప్రమాదాలు ఇందులో చాలా ఉన్నాయి. మీ తొట్టిలో పట్టే నీరు దాదాపు 680 లీటర్లు. పన్నెండు మిల్లీమీటర్ల గాజైతే ఖాళీ తొట్టే 120 కిలోల దాకా తూగుతుంది. అడుగున కొద్దిగా నీరో, గులకరాళ్లో ఉంచి ఎత్తితే గాజు మీద భారం ఒకవైపుకు ఒరిగి సిలికాన్ అతుకులు వదులవుతాయి, ఆ లోపం నీళ్లు నింపిన తరువాతే బయటపడుతుంది. లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా మోయాలి కనుక, మలుపుల కొలతలు ముందే తీసుకుని, అంతస్తుల ఛార్జీ కూడా 15,000లోనే ఉందా అని అడగండి.

చేపల విషయంలో ఎక్కువ నష్టం ఫిల్టరు దగ్గరే జరుగుతుంది. చేపల విసర్జనలోని అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు ప్రధానంగా ఫిల్టరు మీడియాలోనే, అంటే ఫిల్టరు లోపల ఉండే స్పాంజి, సిరామిక్ ముక్కల వంటి వాటిలోనే ఉంటాయి. అది ఎండినా, మూసిన ఫిల్టరులో గంటల తరబడి గాలి ఆడక ఉండిపోయినా అవి చచ్చిపోతాయి. అప్పుడు దారిలో క్షేమంగా ఉన్న చేపలే కొత్త ఇంట్లో కొద్ది రోజులకు జబ్బుపడతాయి. అందువల్ల మీడియాను పాత తొట్టి నీటిలోనే ముంచి, బ్యాటరీ ఎయిర్ పంపుతో గాలి అందిస్తూ తీసుకెళ్లడం, కొత్త ఇంట్లో కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించడం, బోరు నీరైతే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), లవణాలు ముందే పరీక్షించడం ఒప్పందంలో చేర్చండి. ఎంత పని తెలిసిన వారైనా తొందరలో మరచిపోయేవి ఇవే. తరలించే ముందు ఒక రోజు మేత మానడం, ఎండ ముదరకముందే దారిలోని హనుమంతవాక కూడలి దాటేలా తెల్లవారుజామున బయలుదేరడం మీ చేతిలో ఉన్న పనులు.

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సామాన్ల రవాణా బీమాలో సాధారణంగా ప్రాణులకు రక్షణ ఉండదు, గాజు పగులుకూ షరతులుంటాయి. పైగా 2007 నాటి రహదారి రవాణా చట్టం ప్రకారం, మీరు ఎక్కువ విలువ ముందే ప్రకటించి అదనపు ఛార్జీ చెల్లించకపోతే రవాణాదారు బాధ్యతకు పరిమితి ఉంటుంది. కనుక తొట్టి విలువను రసీదులో రాయించండి, బయలుదేరే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

మీరు అడగని ఖర్చు ఒకటి ఉంది, దాన్ని మాత్రం వదలవద్దు. నీళ్లు, రాళ్లు, స్టాండుతో కలిపి ఈ అక్వేరియం 850 కిలోలు దాటుతుంది, అదంతా పన్నెండు చదరపు అడుగుల చోట నిలుస్తుంది. నివాస గదుల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన రూపొందిస్తారు. భారం గదంతటికీ పంచుకుంటుంది కాబట్టి వెంటనే భయపడాల్సిన పని లేదు కానీ, దూలం ఎక్కడుందో, తొట్టి ఏ గోడ వారన ఉండాలో స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి నిర్ణయించుకోండి. ఆయన ఫీజునూ ఈ బడ్జెట్టులోనే వేసుకోండి.

ఇక డబ్బు సంగతి. పదిహేను వేలకు ఏడాదికి 15 శాతం వడ్డీతో ఆరు నెలల ఈఎంఐ పెట్టుకుంటే వడ్డీ సుమారు 660 రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. మొత్తం పెద్దది కాకపోయినా, చేతిలో డబ్బుండగా అది అనవసరపు ఖర్చు. నిధి నుంచి తీసి, నెలకు 5,000 చొప్పున మూడు నెలల్లో తిరిగి నింపండి. పాత ఇంటి యజమాని తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సును ఇందులో లెక్కవేయకండి, రంగులు, మరమ్మతుల పేరిట అది తగ్గవచ్చు.

చెల్లింపు మూడు విడతలుగా ఉండనివ్వండి: బుకింగ్ రోజు 3,000, తొట్టి కొత్త ఇంట్లో స్టాండు మీద నిలిచాక 7,000, నీరు నింపి ఒక రోజు గడిచాక అతుకుల దగ్గర తడి లేదని, ఫిల్టరు సరిగా నడుస్తోందని మీరే చూసుకుని మిగిలిన 5,000.