ఇంటి పన్ను బకాయి: అమ్మినవారిదా, కొన్నవారిదా?

ప్రశ్న: మల్కాజిగిరిలో రెండేళ్ల కింద పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. ముందే ముప్పై ఏళ్లకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం, ఎక్కడా ఏ చిక్కూ కనబడలేదు. ఇప్పుడేమో పాత యజమాని పేరు మీద 1,80,000 రూపాయల ఆస్తి పన్ను బకాయి ఉందని రెడ్ నోటీసు (జప్తుకు ముందు ఇచ్చే హెచ్చరిక) వచ్చింది. ఆయన్ను అడిగితే ‘ఇల్లు మీది, పన్నూ మీదే’ అంటున్నారు. మేమే కట్టాలా? కట్టకపోతే ఇల్లు వేలం వేస్తారా?

జవాబు: ఈసీలో కనబడకపోవడంలో వింతేమీ లేదండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన అమ్మకం, తనఖా, గిఫ్టు లాంటివే అందులోకి ఎక్కుతాయి. పన్ను బకాయిని ఎవరూ రిజిస్టర్ చేయించరు. అయినా మున్సిపల్ చట్టం ప్రకారం ఆ బకాయికి ఆ ఇల్లే పూచీ. యజమాని మారినా బకాయి ఇంటిని పట్టుకునే ఉంటుంది. అందుకే కొనేముందు ఈసీతో పాటు పది అంకెల పీటీఐఎన్ (ఆ ఇంటి పన్ను గుర్తింపు నంబరు) అడిగి, జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో బకాయి చూసుకోవాలి. ఐదు నిమిషాల పని, చాలామంది చేయరు.

బకాయి సంగతి తెలియకుండా కొన్నవారిపై ఈ పూచీ చెల్లదని కోర్టులో వాదించడానికి కొంత ఆస్కారం ఉంది. గుజరాత్‌లోని ఓ కేసులో 1971లో సుప్రీంకోర్టు కొన్నవారి పక్షానే తీర్పిచ్చింది. కానీ కొనేముందు విచారించుకోవాల్సిన బాధ్యత మీకు ఉందా లేదా అన్నది ఏ కేసుకు ఆ కేసు చూసి తేలుస్తారు. లక్షా ఎనభై వేల కోసం హైకోర్టు మెట్లెక్కడం లాభసాటి బేరం కాదు.

డబ్బు తీసే ముందు సర్కిల్ ఆఫీసుకు వెళ్లి అర్ధసంవత్సరాల వారీగా డిమాండ్, వసూలు, నిల్వ చూపే పట్టిక అడగండి. అక్కడివాళ్లు దాన్ని డీసీబీ అంటారు. అందులో అసలెంత, వడ్డీ ఎంత అన్నది విడిగా తేలాలి. తర్వాత డోర్ నంబరు మీదేనా, ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం) సరిపోయిందా, వాడకం నివాసమనే రాశారా అన్నవి చూడండి. పాత ఇళ్లలో ఎక్కువగా తేడా వచ్చేది ఈ చివరిదాంట్లోనే. ముందు గదికి షట్టర్ పెట్టి ఎప్పుడో కిరాణా కొట్టు నడిపి ఉంటారు. కొట్టు ఎత్తేసినా ఆ గది పన్ను కమర్షియల్ రేటులోనే సాగుతూ ఉంటుంది. షట్టర్ ఫొటో, కరెంటు బిల్లులో గృహ కేటగిరీ ఉన్న కాపీ జతచేసి సవరణకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటి మాటను ఎవరూ రికార్డులోకి ఎక్కించరు. ఫిబ్రవరి, మార్చి ఆదివారాల్లో సర్కిల్ ఆఫీసుల్లో ‘ప్రాపర్టీ ట్యాక్స్ పరిష్కారం’ పెట్టినప్పుడు ఇలాంటివి తొందరగా తేలతాయి.

లెక్క సరైనదే అని తేలితే కట్టేయండి, వసూలు పాత యజమాని దగ్గర చేసుకోండి. ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 ప్రకారం అమ్మిన రోజు వరకు పడిన పన్నులు అమ్మినవారే కట్టాలి, ఆ తర్వాతివి మీవి. మీ సేల్ డీడ్‌లో కూడా ‘ఈ తేదీ వరకు గల పన్నులు మేమే చెల్లించగలము’ అనే వాక్యం ఉండే ఉంటుంది, వెతకండి. రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర డీసీబీని రెండుగా విడగొట్టి, ముందు భాగం మొత్తానికి లాయరు నోటీసు పంపండి. వేరొకరు కట్టాల్సింది మీరు కడితే తిరిగి రాబట్టుకునే హక్కును కాంట్రాక్టు చట్టం సెక్షన్ 69 ఇస్తోంది. దావాకు గడువు మీరు కట్టిన రోజు నుంచి మూడేళ్లు. రసీదు మీ ఖాతా నుంచి కట్టినట్టు ఉండాలి. నగదు ఇచ్చి ఎవరి చేతనో కట్టిస్తే రేపు రుజువు దొరకదు.

ఇక వేలం సంగతి. నోటీసు, వారెంటు, సామాను జప్తు దాటాకే ఇంటి దాకా వస్తారు. సీళ్లు వేసేది ఎక్కువగా దుకాణాలకు, ఆఫీసులకు. అలాగని రెడ్ నోటీసును డ్రాయర్లో పడేయకండి.

ప్రశ్న: నాన్నగారు పోయాక సికింద్రాబాద్ ఇంటి పన్ను అన్నదమ్ములం ఎవరమూ కట్టలేదు. వడ్డీ మాఫీ స్కీము వచ్చేదాకా ఆగమని చిన్నతమ్ముడి సలహా. ఆగాలా?

జవాబు: బకాయి వయసును బట్టి చెప్పాలి. వడ్డీ నెలకు 2 శాతం, అంటే యాభై నెలలకు వడ్డీ అసలుతో సమానం. 6,000 రూపాయల అర్ధసంవత్సరపు పన్ను పదేళ్లు ఆగితే వడ్డీయే 14,400. వన్ టైమ్ స్కీములో వడ్డీలో 90 శాతం పోతుంది కాబట్టి అందులో కట్టేది 1,440. అసలు మాత్రం పూర్తిగా, ఒకేసారి కట్టాలి. 2020, 2022, 2024, 2025 సంవత్సరాల్లో ఈ స్కీము వచ్చింది కాబట్టి పదేళ్ల బకాయి ఉన్నవారు మార్చి దాకా చూడటంలో తప్పులేదు. ఏటా వస్తుందన్న హామీ మాత్రం లేదు. ఏడాది, ఏడాదిన్నర బకాయికి ఆగడం శుద్ధ దండగ. ఏప్రిల్ 30లోపు కడితే వచ్చే 5 శాతం తగ్గింపు ఆ ఏడాది పన్నుకే, పాత బకాయికి రాదు.

మీలో ఒకరే కట్టినా మిగతావారి వాటా అడగొచ్చు. రసీదు చూపించి ఇల్లు తనదనడం మాత్రం కుదరదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు.

ప్రశ్న: బ్యాంకు వేలంలో కూకట్‌పల్లి ఫ్లాటు తీసుకోవాలనుకుంటున్నాం. పన్ను బకాయి బ్యాంకే కడుతుందా?

జవాబు: చాలా వేలం నోటీసుల్లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు కొన్నవారివే అని రాస్తారు. బ్యాంకులు తనఖా ఆస్తులను వేలం వేసుకునే సర్ఫేసీ చట్టంలో 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన 26ఈ సెక్షన్ స్థానిక సంస్థల పన్నుల కంటే బ్యాంకు అప్పుకు ముందు వరస ఇచ్చింది. అది వేలం డబ్బు ఎవరికి ముందు చేరాలన్న సంగతి. అది చూసి మీ నెత్తిన బకాయి పడదనుకోకండి. పీటీఐఎన్‌తో బకాయి చూసి, ఆ మొత్తాన్ని మీ బిడ్డు లోంచి తగ్గించుకుని పాడండి. మ్యూటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) వెళ్లినప్పుడు పన్ను రసీదు అడుగుతారు.

ప్రశ్న: ఏటా పన్ను కడుతున్నా మా ఇంటికి బకాయి నోటీసులు వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ఒకే ఇంటికి పాత, కొత్త డోర్ నంబర్లతో రెండు పీటీఐఎన్‌లు ఉండి ఉంటాయి. లేదా ఒక అంకె తప్పు కొట్టి పక్కింటివారి పన్ను కడుతున్నారేమో, ముందు రసీదు మీద పేరు చదవండి. రెండు నంబర్లుంటే రసీదులు, సేల్ డీడ్ కాపీ, ఇంటి ఫొటో పెట్టి ఒకదాన్ని రద్దు చేయమని సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కు దరఖాస్తు ఇవ్వండి. రద్దయినట్టు ఉత్తర్వు చేతికి వచ్చేదాకా వదలకండి.