డైట్ చార్టు కంటే ముందు సెలవు అడుగు

చి.ల.సౌ. అమ్మాయిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

రాత్రి డ్యూటీ ముగించుకుని గదికి రాగానే ఆకలి లేకపోయినా మిక్చర్ ప్యాకెట్టో, బిర్యానీయో ముందు పెట్టుకుని తినేస్తున్నానని, ఆ తరువాత నామీద నాకే అసహ్యం కలుగుతోందని చెప్పి, ఒక డైట్ చార్టు పంపమని రాశావు. పంపడం లేదమ్మా. జీవితమంతా వార్డుల్లో నర్సుగా గడిపినదాన్ని కనుక చెబుతున్నాను, ముందు నీ అలసట సంగతి చూడాలి.

మనుషులు చాలక ఐసీయూలో ఇద్దరి పని ఒక్కదానివే చూస్తున్నావు. రోగులమీద విసుగు వస్తోందని, ఎంత చేసినా ఏమీ చేయనట్టే ఉంటోందని కూడా రాశావు. క్రిస్టినా మాస్లాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బర్నవుట్‌కు చెప్పిన మూడు లక్షణాలూ, అంటే మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివారిపట్ల విముఖత, తన పనికి విలువ లేదనిపించడం, నీ ఉత్తరంలోనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, దీర్ఘకాలం అదుపులోకి రాని పని ఒత్తిడివల్ల కలిగే స్థితిగా పేర్కొన్నది. కాబట్టి దీనిని నీ స్వభావంలోని లోపంగా ఎంచుకోవద్దు.

ఒత్తిడి ఎంతకూ తగ్గనప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కువై, మనసు తీపివైపు, నూనె పదార్థాలవైపు లాగుతుంది. దానికి నిద్రలేమి తోడైతే ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి, ఇక చాలని చెప్పే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఆ తిండి కాసేపు నిజంగానే ఊరటనిస్తుంది, అందుకే చేయి మళ్ళీ అటే వెళుతుంది. ఫిన్లాండ్‌లో ఉద్యోగాలు చేసే 230 మంది స్త్రీలపై జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనం, బర్నవుట్‌తో ఉన్నవారు మనసు బాగోలేనప్పుడు తినడం ఎక్కువని, ఆ అలవాటు మార్చుకోవడం కూడా వారికి కష్టమని గమనించి, మొదట బర్నవుట్‌కే చికిత్స జరగాలని సూచించింది.

నువ్వు పూటలు మానేయడం ఆపు. శనివారం ఒక్కపొద్దు కూడా కొన్నాళ్ళు విరమించు, దేవుడు ఏమీ అనుకోడు. డ్యూటీకి బయలుదేరేముందు పప్పు, కూరతో కడుపునిండా అన్నం తిను. నడిరాత్రికి పెరుగన్నమో, ఉడికించిన గుడ్లో డబ్బాలో పెట్టుకుని వెళ్ళి, రోగులను తోటి సిస్టరుకు అప్పగించి పది నిమిషాలు కూర్చుని తిను. గదికి వచ్చాక తినాలనిపిస్తే, పప్పన్నం పెట్టినా తింటానా అని ఆలోచించుకో. తింటాననిపిస్తే అది ఆకలే, వెంటనే తిను. మిక్చర్ మాత్రమే కావాలనిపిస్తే స్నానం చేసి పడుకో, లేచాక కూడా కావాలంటే గిన్నెలో వేసుకుని నెమ్మదిగా తిను. ప్యాకెట్టంతా ఖాళీ అయిన రోజున కూడా తరువాతి పూట పస్తుండకు, ఆ పస్తే మరునాటి అతితిండికి దారి తీస్తుంది.

ఎవరూ చూడకుండా, ఆపుకోలేక అతిగా తినడం వారానికి ఒకసారైనా జరుగుతూ మూడు నెలలు దాటితే అది వేరే జబ్బు కావచ్చు, మానసిక వైద్యులకు చూపించుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే నెల డ్యూటీ పట్టిక వేయకముందే నర్సింగ్ సూపరింటెండెంట్ గారిని కలిసి, వారం రోజుల సెలవు, ఆపైన కొంతకాలం పగటి డ్యూటీలు కావాలని అడుగు. నోటిమాటగా అడిగినది వార్డు హడావిడిలో మరుగున పడుతుంది కనుక అర్జీ రాసి ఇచ్చి, నకలు నీ దగ్గర ఉంచుకో. వారేమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ