నమూనా అంటే శాంపులా, మోడలా?

సందేహం: మా డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టికల్ మోడల్ సెలెక్షన్ మీద ఒకరోజు సెమినార్ పెడుతున్నాం. ఆహ్వానం తెలుగులో కూడా ఉండాలని "గణాంక నమూనా ఎంపికపై ఏకరోజు సదస్సు" అని వేశాం. అది చూసి ఒకాయన "శాంప్లింగ్ మీదా సెమినారు?" అని అడిగారు. ఇంకొకరు 'ఏకరోజు' తప్పన్నారు, మరొకరు 'ఎంపిక' కాదు 'వరణం' అనాలన్నారు. ప్రింట్‌కి ఇచ్చేలోపు ఏది సరైందో చెప్పగలరా?

సమాధానం: శాంప్లింగ్ మీదా అని అడిగినాయన్ని తప్పుపట్టలేమండి, ఆ శీర్షిక చూస్తే నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

నమూనా పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది, ఎంతగా కలిసిపోయిందంటే ఇప్పుడది పరాయి మాటని ఎవరికీ అనిపించదు. రక్త నమూనాలు ల్యాబ్‌కి పంపారు, మట్టి నమూనాలు తీశారు అన్నప్పుడు అది శాంపుల్. నమూనా ప్రశ్నపత్రం, నమూనా దరఖాస్తు, విమానం నమూనా అన్నప్పుడు మోడల్. రెండూ వాడుకలో గట్టిగా నిలబడ్డవే, ఏదీ తప్పు కాదు, మామూలుగా అయితే పక్కనున్న మాటని బట్టి అర్థం తెలిసిపోతుంది కాబట్టి ఇబ్బందీ లేదు. కానీ పక్కన 'ఎంపిక' చేరిందంటే ఆ సాయం పోతుంది, ఎందుకంటే శాంపుల్‌నీ ఎంపిక చేస్తారు, మోడల్‌నీ ఎంపిక చేస్తారు. పైగా ముందు 'గణాంక' అని ఉంది, అది చూడగానే ఎవరికైనా సర్వేలే గుర్తొస్తాయి.

శీర్షిక సంగతి సరే, మీరు పంపిన ఆహ్వానం లోపలి పేజీలో ఒక వాక్యం ఉంది చూడండి: "ఒకే నమూనాకు పలు నమూనాలను అన్వయించి, వాటిలో ఉత్తమ నమూనాను ఎంపిక చేయు పద్ధతులు". మూడు నమూనాలు. మొదటిది శాంపుల్, తర్వాతి రెండూ మోడల్. విషయం తెలిసినవాళ్లు ఎలాగో విడదీసుకుంటారు, కొత్తగా వచ్చే విద్యార్థి మాత్రం అక్కడే ఆగిపోతాడు.

ఇది చిన్న విషయంగా తీసుకోకండి, ఈ సబ్జెక్టులో ఈ రెండూ ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తాయి. గ్రాఫు మీద 20 చుక్కలు ఉన్నాయనుకోండి, అది శాంపుల్. వాటికి ఒక సరళరేఖ వెయ్యొచ్చు, వాలు ఒకటి, అంతరఖండం ఒకటి, రెండు సంఖ్యలతో అయిపోతుంది. లేదా 19వ ఘాతం దాకా ఉన్న బహుపది తీసుకుంటే అది 20 చుక్కల్లోంచీ ఒక్కటి కూడా తప్పకుండా వెళ్తుంది, కానీ 21వ చుక్క వచ్చేసరికి ఎక్కడో పైకో కిందకో పోతుంది. రేఖా, బహుపదీ, ఇవి మోడళ్లు. డేటాకి దగ్గరగా ఉండాలి, అలాగని పరామితులు, అంటే వాలు, అంతరఖండం లాగా మోడల్‌ని నిర్ణయించే సంఖ్యలు, విచ్చలవిడిగా పెంచకూడదు, ఈ రెంటికీ మధ్య తూకం వెయ్యడమే మోడల్ సెలెక్షన్. ఏ మోడల్ మెరుగో తేల్చడానికి జపాన్ గణాంకవేత్త అకాయికె ఇచ్చిన కొలమానంలో ఒక్కో పరామితికీ 2 చొప్పున జరిమానా పడుతుంది. 1978లో ష్వార్జ్ అనే ఇంకో గణాంకవేత్త ఇచ్చిన కొలమానంలో ఆ 2 స్థానంలో శాంపుల్ సైజు తాలూకు సహజ సంవర్గమానం ఉంటుంది, అంటే 8 పరిశీలనలున్నా చాలు జరిమానా 2 దాటేస్తుంది. ఒకే సూత్రంలో శాంపుల్ ఎంత పెద్దదీ, మోడల్ ఎంత పెద్దదీ రెండూ ఉన్నాయి. ఇప్పుడు దీన్ని వివరిస్తూ "నమూనా పరిమాణం పెరిగితే" అని రాశామనుకోండి, ఏది పెరిగినట్టు? పరిశీలనలు పెరిగాయా, పరామితులు పెరిగాయా? పరిశీలనలు పెరగడం మంచిదే, పరామితులు పెరిగితే జరిమానా. రెండూ పూర్తిగా వేరు సంగతులు, మాట మాత్రం ఒకటే. ఇలాంటి చోట ఒక మాటకి ఒకే అర్థం ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

మరి ఏ మాట దేనికి? శాంపుల్‌కి మనకి అచ్చంగా 'మచ్చు' ఉంది. మచ్చుకి ఒకటి చూపించు అంటాం, మచ్చుతునక అంటాం, మచ్చుకైనా కనపడలేదు అంటాం, మొత్తం సరుకెలా ఉందో తెలియడానికి తీసే చిన్న భాగం అనే అర్థం అందులో స్పష్టంగా ఉంది. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాల్సింది. మీరు మచ్చు అనగలిగితే సంతోషం, కొత్తగా ఉందనుకుంటే నమూనానో శాంపులో ఉంచండి. మోడల్‌కి మాత్రం నమూనా వద్దు. మాదిరి అందామా అంటే దానిదీ ఇదే జబ్బు, పైగా 'లాగా' అనే అర్థం కూడా మోస్తోంది. ప్రతిరూపం అంటే చదివేవాళ్లకి బింబం, నకలు గుర్తొస్తాయి. అందుకే మోడల్ అనే రాయండి, తెలుగు లిపిలో. స్కూలు స్కూళ్లయినట్టు, హోటలు హోటళ్లయినట్టు మోడల్ కూడా మోడళ్లు అయిపోయింది, మన బహువచనం తగిలించుకుని మన విభక్తులు పట్టించుకున్న మాట మనదే. సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశి, క్రమవిచలనం లాంటివి మాత్రం పుస్తకాల్లో స్థిరపడ్డాయి కాబట్టి వాటిని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చాల్సిన పనిలేదు.

'ఎంపిక' దగ్గర మీకు ఏ అనుమానమూ అక్కర్లేదు. తెంచు నుంచి తెంపు, దించు నుంచి దింపు, పంచు నుంచి పంపకం వచ్చినట్టే ఎంచు నుంచి ఎంపిక వచ్చింది. ఎంచడం అంటే మొదట లెక్కపెట్టడమే. తప్పులెంచడం అంటాం కదా, అందులో లెక్కా ఉంది, బేరీజూ ఉంది. ఒక్కో మోడల్‌లో తప్పెంత, పరామితులెన్ని అని లెక్కగట్టి చివరికి ఒకదాన్ని తీసుకునే పనికి ఇంతకన్నా అతికే మాట ఇంకోటి ఉంటుందని నేననుకోను. ఎన్నిక కూడా ఆ కుటుంబమే గానీ అది ఓట్లకి అంకితమైపోయింది. వరణం తప్పు మాట కాదు, జీవశాస్త్రంలో ప్రకృతి వరణం అని చదువుకున్నాం, కాకపోతే ఈ శీర్షికలో పెడితే అర్థం కోసం మళ్లీ నిఘంటువు తియ్యాలి. ఇంకో చిన్న సంగతి, 1974లో అకాయికె రాసిన పేపర్ శీర్షికలో సెలెక్షన్ లేదు, ఐడెంటిఫికేషన్ అని ఉంది. దాన్ని గుర్తింపు అని తెలుగు చేస్తే, అసలైనది ఒకటి ముందే ఎక్కడో ఉంది, దాన్ని పట్టుకుంటున్నాం అనే భావం వస్తుంది. ఎంపికలో ఆ బరువు లేదు, చేతిలో ఉన్నవాటిలోంచి ఒకటి తీసుకుంటున్నాం అంతే.

అందుకనే మీ 'ఉత్తమ' కూడా నాకు నచ్చలేదు. ఉత్తమం అంటే దాని మీద ఇంకోటి లేదని. ఈ కొలమానాలు అంత మాట చెప్పవు, మనం పోటీకి పెట్టినవాటిలో ఏది మెరుగో చెప్తాయి, పెట్టినవన్నీ పనికిరానివైతే ఆ పనికిరానివాటిలోనే ఒకదాన్ని ముందుంచుతాయి. 'తగిన' అనండి, సరిపోతుంది.

ఇక ఏకరోజు. ఏక సంస్కృతం, రోజు పారసీ, ఈ రెంటినీ సమాసం చేస్తే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది, మీకు చెప్పినాయన మాట నిజమే. ఏకదిన సదస్సు అంటే వ్యాకరణానికి లోటు లేదు, ఒకరోజు సదస్సు అంటే ఇంకా హాయి. ఒక్కరోజు అని మాత్రం వెయ్యకండి, ఆ క వత్తుతో 'ఒకే ఒక్క రోజు' అనే నొక్కు వచ్చేస్తుంది. వచ్చేసారి రెండ్రోజులు పెడితే రెండురోజుల సదస్సు, అక్కడ ఆ 'ల' మర్చిపోవద్దు.

సాంఖ్యక, గణాంక రెండూ వాడుకలో ఉన్నాయి, మీ డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఏది ఉంటే అదే వెయ్యండి. నేనైతే శీర్షిక ఇలా వేస్తాను: "గణాంకశాస్త్రంలో మోడళ్ల ఎంపిక: ఒకరోజు సదస్సు". లోపలి వాక్యం: "ఒకే శాంపుల్‌కి పలు మోడళ్లని వర్తింపజేసి, వాటిలో తగినదాన్ని ఎంచుకునే పద్ధతులు". 'ఎంపిక చేయు' తీసేసి 'ఎంచుకునే' అన్నాను గమనించండి, పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.