తణుకులో కార్ల కన్సల్టెన్సీ పెడతానన్న మా మేనల్లుడికి

అల్లుడూ,

ఫోన్లో చెబుదామంటే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు గానీ చెవికెక్కించుకోవు, అందుకే రాస్తున్నాను. హైవే పక్కన స్థలం చూశానన్నావు, బోర్డు డిజైను కూడా పంపావు. బోర్డు బానే ఉంది. దాని సంగతి తర్వాత, ముందు డబ్బు సంగతి.

ఈ పాత కార్లు కొని అమ్మే వ్యాపారంలో మునిగినవాళ్లలో చాలామందిని ముంచింది వడ్డీ. లెక్క నువ్వే వెయ్యి. 4 లక్షలు అప్పు తెచ్చి స్విఫ్ట్ కొన్నావనుకో, నూటికి రెండు రూపాయల చొప్పున నెలకి 8 వేలు. దాని మీద 30 వేలు మిగులుద్దని ఆశపడితే, ఆ బండి నాలుగు నెలలు షెడ్డులో నిలబడేసరికి వడ్డీ 32 వేలయింది. మధ్యలో బ్యాటరీ దిగిపోవడం, టైర్లలో గాలి పోవడం, కుర్రాడితో కడిగించడం ఇవన్నీ పైన. రెండో నెల దాటిన బండిని కొన్న రేటుకైనా వదిలించెయ్, ఆ డబ్బు ఇంకో బండి మీద తిరుగుద్ది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, షోరూం రేటు దిగాక పాత బండిని పాత రేటుకే ఎవడు కొంటాడు? స్టాకు నిండా పెట్టుకుని కూర్చున్నవాళ్ల మొహాలు నీకు చూపించాల్సింది.

మన వైపు కొనేది ఎవరో తెలుసుకో. సార్వా, అంటే తొలి వరి పంట కోతలయ్యాక సంక్రాంతికి కాస్త కదలిక, దాళ్వా, అంటే రెండో పంట డబ్బు చేతికొచ్చాక పెళ్లిళ్లకి కాస్త. భీమవరం, ఉండి ఊళ్ల వైపు రొయ్యల చెరువుల వాళ్లయితే రొయ్య రేటుని బట్టి. ఆషాఢంలో బేరాలుండవు, మంచిదే, ఆ నెల నువ్వు కొనుక్కో. అమ్మేవాడికి తొందర, కొనేవాడికి శూన్యమాసం! మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బండ్లు ఆపేశారు కాబట్టి బాగా చూసుకున్న డీజిల్ డిజైర్ దొరికితే ఆలోచించకుండా పట్టు.

ఢిల్లీ బండ్లు చవకని ఎవడో చెప్పాడన్నావు. అక్కడ డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లు అని పెట్టారు గనక చవక. అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ తెప్పించాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, నంబరు మార్చాలి. ఇవన్నీ కలిపాక ఇంకా చవకగా కనబడితే అప్పుడు రా, మాట్లాడదాం.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మీటరు అన్నిటికంటే ఆఖర్న చూడు. పెడల్ రబ్బరు అరిగిపోయి, స్టీరింగ్ నున్నగా మెరుస్తూ, రీడింగ్ మాత్రం 40 వేలు ఉందంటే అది తిప్పిన మీటరే. కంపెనీ సర్వీసు హిస్టరీ అడుగు, ఇవ్వనంటే లేచి వచ్చెయ్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ అంతా మునిగింది గుర్తుందిగా, అలా నీళ్లలో నానిన బండ్లు తుడిచి, సెంటు కొట్టి అమ్మకానికి పెడతారు. సీటు బెల్టు చివరికంటా లాగి చూడు, బురద మరక అక్కడ దాక్కుంటుంది. కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాలకి తుప్పు ఉందేమో చూడు. నువ్వు మాత్రం మీటరు తిప్పకు. తణుకంత ఊళ్లో కొన్నవాడి మెకానిక్, నీ మెకానిక్ బావమరుదులే అయ్యుంటారు, వారం తిరక్కుండా బయటపడుద్ది.

ఇక కాగితాలు. ఇక్కడ బద్ధకిస్తే నేను కూడా నిన్ను కాపాడలేను. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 ఖాళీగానే ఇచ్చి వాటి మీద సంతకాలు పెట్టించుకుని, బండిని నలుగురి చేతులు మార్చి, పేరు మార్చకుండా వదిలెయ్యడం మన లైన్లో పాత అలవాటు. 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే యాక్సిడెంట్ పరిహారానికి జవాబుదారీ వాళ్లే, ఎప్పుడో అమ్మేశానంటే కుదరదని. నిన్ను నమ్మి బండి ఇచ్చిన ఏ మాస్టారి ఇంటికో కోర్టు నోటీసు వెళ్తే ఆయన తిన్నగా నీ షెడ్డుకే వస్తాడు. 2023 ఏప్రిల్ నుంచి డీలరుకి ఆర్టీఏ, అంటే రవాణా శాఖ ఆథరైజేషన్ ఉండాలి, బండి నీ చేతికొచ్చినట్టు ఫారం 29సీ పెట్టాలి, అది పెట్టాక అమ్మేదాకా బాధ్యత నీదే. మన వాళ్లలో చాలామంది ఇంకా పట్టించుకోవట్లేదు, నువ్వు పట్టించుకో. ఫైనాన్స్ బండయితే అప్పు తీరిందన్న క్లియరెన్స్ లెటరు, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 కంటితో చూడందే పూర్తి డబ్బు ఇవ్వకు. చలానాలు చూడు, ఫాస్టాగ్ మార్పించు, ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు తన పేరుకి మార్పించుకోమని కొన్నవాడి వెంటపడు. జీఎస్టీ కూడా మర్చిపోకు, రిజిస్ట్రేషన్ తీసుకున్నాక కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ తేడా మీద 18 శాతం. టింకరింగు, పెయింటు ఖర్చులు ఆ తేడాలోంచి తీసెయ్యడానికి లేదు, కాబట్టి రేటు చెప్పేటప్పుడే చూసుకో.

ఇంటి విషయం. షెడ్డులో బండి ఉందని తెలిస్తే చుట్టాలందరికీ తిరుపతి మొక్కులు గుర్తొస్తాయి. ఇవ్వకు. స్టాకు బండి ట్రయల్‌కీ రిపేరుకీ తప్ప బయట తిప్పకూడదని రూలే ఉంది, ఆ రూలు నా మీద చెప్పు, తిట్లు నాకు రానీ. బండి ఇవ్వలేదని మీ అత్త తరఫు వాళ్లు రెండు పెళ్లిళ్లకి నాతో మాట్లాడలేదు, మూడో పెళ్లికి వాళ్లే వచ్చి పిలిచారు. చుట్టాలు బండి కొంటామంటే కొన్న కాగితం చూపించి, ఇంత మిగుల్చుకుంటున్నానని ముందే చెప్పు, లేదా వేరే డీలరు దగ్గరికి పంపు.

ఇంటికి నెలకి ఇంత అని జీతంలా తీసుకో. బండి అమ్మిన రోజు జేబు నిండా డబ్బుంటుంది, అది నీది కాదు, రేపు కొనబోయే బండిది. మీ ఆవిడ బీకాం చదివింది కదా, లెక్కలు ఆ అమ్మాయి చేతిలో పెట్టు, చూడగానే నీకంటే తెలివైనదని నాకనిపించింది. ఆదివారం బేరాలు వస్తాయి, మూసుకోలేవు. మంగళవారం కొత్తగా బండి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి ఆ రోజు షెడ్డు కుర్రాడికి అప్పగించి, పిల్లల్ని బడి నుంచి నువ్వే తెచ్చుకో. ఆ పూట ఫోన్ ఎత్తకు, నేను చేసినా సరే.

ముందు ఆథరైజేషన్ పని చూద్దాం. వచ్చే మంగళవారం తాడేపల్లిగూడెం రా, ఫారం 29ఏ ఇద్దరం కూర్చుని నింపుదాం. స్థలం అద్దె అగ్రిమెంటు, ఆధార్, పాన్ తెచ్చుకో. బోర్డు వాడికి అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకు.

మామయ్య