సోమవారం బాయి దిగే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. నిన్ను వెంటిలేషన్ సెక్షన్‌లో వేశారట, దుమ్ము శాంపిళ్లు తీసే ట్రైనింగ్ అయిపోయిందట, సోమవారం నుంచి ఫస్ట్ షిఫ్ట్‌లో బొగ్గు బాయి దిగుతావట. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో సంబురమే. మధ్యలో మూడుసార్లు దగ్గాడు, నేను లెక్కపెట్టాను. "మంచి మాట చెప్పినవ్‌రా" అని ఫోన్ పెట్టేశాను గానీ అన్నం సయించలేదు. "పిల్లకు మంచి పని దొరికితే మొహం అట్ల పెట్టుకున్నవేంది?" అని మీ పెద్దమ్మ కోప్పడింది. ఆమెకు ఏం చెప్పను? అదే పని నేను పదహారేళ్లు చేశాను.

నేను చేరిన రోజుల్లో ఆడవాళ్లు బాయి లోపలికి దిగడానికి చట్టమే ఒప్పుకునేది కాదు. 1952 గనుల చట్టంలోనే ఆ మాట ఉండేది. 2019లో గదా టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకు, అదీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపల అని సడలించారు. మన ఇంట్లో మీ తాత దిగాడు, నేను దిగాను, మీ బాపు దిగాడు. నువ్వు మొదటి ఆడపిల్లవు. పొద్దున చాయ్ హోటల్ దగ్గర నలుగురికి చెప్పాను కూడా. చెప్పి ఇంటికొచ్చాక మళ్లీ అదే గుబులు.

బూట్లు, టోపీ, ల్యాంపు, విషవాయువు వస్తే ఊపిరికి ఆసరా అయ్యే సెల్ఫ్ రెస్క్యూయర్ సంగతి నీకు నేర్పే ఉంటారు, అవన్నీ చెయ్యి. ఫోన్ పైనే వదిలెయ్. కప్పు కింద నిలబడే ముందు ఆ చోటి భద్రత చూసే సర్దార్ కర్రతో కొట్టి చూశాడా లేదా అడుగు, అడగడానికి సిగ్గుపడకు. గాలిని ఫిల్టర్ గుండా లాగే శాంపిల్ పంపును రాత్రే ఛార్జింగ్ పెట్టు.

దుమ్ము అనగానే ట్రైనింగ్‌లో ముందు పేలుడు గురించి చెబుతారు. చెప్పాలి కూడా. 1965 మే 28న ధోరీ బాయిలో బొగ్గు దుమ్ము అంటుకుని 268 మంది పోయారు. అది అప్పటి బిహార్, ఇప్పుడు జార్ఖండ్. మా క్లాసులో ఆ సంగతి చెప్పిన రోజు ఎవరమూ సద్ది గిన్నె తెరవలేదు. కానీ బిడ్డా, అది పేపర్లో పడే దుమ్ము. నువ్వు కొలవబోయేది కంటికి కూడా కనిపించనిది, ఇరవై ఏళ్లకు గానీ ఎక్స్‌రేలో బయటపడనిది. నా భయమంతా దాని గురించే. అందుకే మిగతావన్నీ ఒక్కో ముక్కలో తేల్చేసి దీని దగ్గర కూర్చున్నాను.

దసరాకు వచ్చినప్పుడు నువ్వొక మాట అన్నావు. "ఇప్పుడు యంత్రాలే అన్నీ రాసుకుంటాయి పెద్దబాపూ, మీ కాలం కాదు" అని. పండగ పూట అని ఊరుకున్నాను గానీ అప్పుడే నాలుగు తిట్టాల్సింది. అమెరికాలో 2016 నుంచి మనిషి ఒంటికే కట్టి, షిఫ్ట్ నడుస్తుండగానే అంకె చూపించే మిషన్లు వాడుతున్నారు, పరిమితి కూడా ఒకటిన్నర మిల్లీగ్రాములకు దించారు. మంచిదే. కానీ అది కట్టుకున్నవాడు పోయి గాలి బాగా తగిలే మలుపులో కూర్చుంటే అది ఆ మలుపు అంకెనే చూపిస్తుంది. వీడు పొద్దుటి నుంచి ఎక్కడున్నాడో దానికేం తెలుసు?

లెక్క ఎంత చిన్నదో ముందు మనసులో పెట్టుకో. 2017 బొగ్గు గనుల రెగ్యులేషన్స్ ప్రకారం క్యూబిక్ మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు పరిమితి. నా కాలంలో 3 ఉండేది. నీ పంపు నిమిషానికి 2.2 లీటర్లు లాగితే ఎనిమిది గంటలకు 1,056 లీటర్లు, అంటే ఒక క్యూబిక్ మీటరు పైచిలుకు. పరిమితి అంచున ఉన్న చోట షిఫ్ట్ మొత్తం మీద నీ ఫిల్టర్‌కు అంటేది రెండు మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పును వంద పాళ్లు చేస్తే ఒక పాలు కూడా ఉండదు. అంతదానికి వేలు తగిలినా, చెమట చుక్క పడినా, వానాకాలం తేమ పట్టినా లెక్క తారుమారే. ఫిల్టర్‌ను ఫోర్సెప్స్‌తోనే పట్టుకో. తూచే ముందు తేమ లాగే డెసికేటర్ డబ్బాలో పెట్టు, తూచేటప్పుడు తొందరపడకు. వాడని ఫిల్టర్ ఒకటి కూడా బాయిలోకి తీసుకుపోయి వెనక్కి తెచ్చి తూచు. దాని బరువు మారిందంటే మిగతావాటినీ అనుమానించాలి. పంపు వేగం దిగే ముందు ఒకసారి, పైకొచ్చాక ఒకసారి చూసుకో.

సైక్లోన్‌ను, అదే ఫిల్టర్‌కు ముందు పెద్ద రేణువులను వేరుచేసే బుడ్డిని, మాత్రం తలకిందులు చెయ్యకు. అడుగున చిన్న గిన్నెలో పెద్ద రేణువులు పడి ఉంటాయి. బోర్లిస్తే అవన్నీ వచ్చి ఫిల్టర్ మీద పడతాయి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లవాడు మనుషులను పైకి తెచ్చే మ్యాన్‌రైడింగ్ బండిలో చోటు ఇరుకని దాన్ని సంచిలో బోర్లా పెట్టి తెచ్చాడు. ఫిల్టర్ చూస్తే ఆవాలు చల్లినట్టుంది. వాడిని ఎంత తిట్టానో! ఆ రాత్రి పండుకున్నాక తలుచుకుని సిగ్గుపడ్డాను. వాడిది చేతి తప్పు, అంతే. నేను చేసింది వేరు.

అది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలి.

1996, మాఘమాసం. ఏ బాయో రాయను. అప్పటివాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు వాళ్లది కాదు. మర్నాడు మీ మేనత్త లగ్గం. నేను పెట్టాల్సిన శాంపిల్ రూఫ్ బోల్టులు వేసే చోట. అంటే డ్రిల్‌తో కప్పులోకి కన్నాలు పెట్టే పని. మన గోదావరి లోయ బొగ్గు పైన ఉండేది ఇసుకరాయి అని నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ డ్రిల్లర్‌ను మేమందరం బావా అని పిలిచేవాళ్లం. షిఫ్ట్ అయ్యాక అందరూ నల్లగా పైకొస్తే అతను తెల్లగా వచ్చేవాడు. కనుబొమ్మలు, మీసం, చెవుల మీద వెంట్రుకలు అన్నీ పిండి చల్లినట్టు. "బావ మళ్లీ ముసలోడైండు" అని నవ్వేవాళ్లం. నేనూ నవ్వేవాణ్ని. దుమ్ము కొలిచే ఉద్యోగం చేస్తూ!

ఆ రోజు శాంపిలర్ సరిగ్గానే పెట్టాను. గాలి పోయే వైపు, అతనికి మీటరు లోపల, వీపు వెనక కాకుండా. ఇదంతా రూలు పుస్తకంలో ఉన్నదే, నువ్వూ అట్లాగే పెట్టు. మట్టంగా కూడా పెట్టాను, ఆ పాత మిషన్ ఒరిగితే పెద్ద రేణువులను ఆపలేదు. గంటన్నర పని నడిచింది. తర్వాత డ్రిల్ హోస్ పగిలింది. ఫిట్టర్ కోసం కబురు పంపారు. ఫిట్టర్ ఇంకో సీమ్‌లో, అంటే ఇంకో బొగ్గు పొరలో ఉన్నాడు. వాళ్లంతా కూర్చుని సద్ది విప్పారు. మక్క గటక, మామిడికాయ తొక్కు. నాకూ పెట్టారు. బావ తన ఆడబిడ్డ పెళ్లి కబుర్లు చెప్పి మా పెళ్లి ఖర్చు ఎంతైందని అడిగాడు. మేం తింటూ మాట్లాడుతుంటే పక్కనే మిషన్ బుర్రుబుర్రుమంటూ శుభ్రమైన గాలి లాగుతూనే ఉంది. ఫిట్టర్ వచ్చేసరికి షిఫ్ట్‌లో మిగిలింది ముప్పావు గంట.

పంపు ఆపేసి, ఈ రోజు పని నడవలేదు, శాంపిల్ పనికిరాదు అని రాసి మళ్లీ పెట్టాలి. మళ్లీ అంటే మర్నాడు. మర్నాడు లగ్గం. రూలులో ఉన్నది ఎనిమిది గంటల సగటే కదా, ఎనిమిది గంటలూ నడిపాను కదా, ఇందులో అబద్ధం ఏముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫిల్టర్ తూచితే 1.3 వచ్చింది. అబద్ధపు అంకె కాదు. నిజంగా వచ్చిందే. రిమార్కుల గడిలో ఒక్క లైను రాస్తే చాలు, హోస్ పగిలి పని ఆగిందని. రాయలేదు. రాస్తే మళ్లీ తీయమంటారు. ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. సేఫ్టీ ఆఫీసర్, మేనేజర్ కూడా పెట్టారు, వాళ్లకు కనిపించింది 1.3 మాత్రమే.

ఆ ఖాళీ గడి ఏం చేసిందో చూడు. పరిమితిలో సగం దాటితే మూడు నెలలకోసారి, ముప్పావు దాటితే నెలకోసారి కొలవాలి. 3లో సగం ఒకటిన్నర. నాది 1.3. కాబట్టి ఆరు నెలల దాకా ఆ చోటు వైపు ఎవరూ చూడక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ 3 అన్నది దుమ్ములో సిలికా, అంటే ఇసుకరాయిలో ఉండే పదార్థం, 5 శాతం లోపు ఉంటేనే. దాటితే 15ను ఆ శాతంతో భాగించాలి. 10 శాతం ఉంటే పరిమితే ఒకటిన్నర అవుతుంది. ఇసుకరాయిలో కన్నాలు వేస్తున్నారు, మనిషి తెల్లగా పైకొస్తున్నాడు, నేను ఆ ఫిల్టర్‌ను సిలికా పరీక్షకు పంపలేదు. బొగ్గు బాయి కదా, బొగ్గు దుమ్మే కదా అనుకున్నాను.

శ్రావణంలో మళ్లీ పెట్టాను. ఆ రోజు హోస్ పగల్లేదు. 3.8 వచ్చింది. అప్పుడు కాగితాలు కదిలాయి. నీళ్లతో డ్రిల్ చేయడానికి పైపు వేశారు, గాలిని మళ్లించే బ్రాటిస్ గుడ్డ ముందుకు జరిపి గాలి తెచ్చారు. రెండు నెలల్లో బావ మీసం నల్లబడింది. అంత సులువుగా అయ్యే పని ఆరు నెలలు ఆగింది.

రిటైరయ్యాక అతనికి ఊపిరితిత్తుల్లో మచ్చలు తేలాయి. బస్టాండు నుంచి ఇంటికి నడిస్తే మూడుచోట్ల కూర్చుంటాడు. ఆ ఆరు నెలలే అతన్ని తినలేదని నాకు తెలుసు, ఇరవై ఏళ్లు డ్రిల్ పట్టాడు. కానీ ఆ ఆరు నెలలు నా ఖాతాలోవి. కనిపిస్తే ఇప్పటికీ "రా దుమ్ము సారూ" అని బెంచీ మీద జరిగి చోటిస్తాడు. ఇప్పటికీ చెప్పలేదు నేను.

కాబట్టి రిమార్కుల గడి ఖాళీగా వదలకు. ఎన్ని కన్నాలు వేశారు, ఎన్ని బొగ్గు టబ్బులు నింపారు, నీళ్లు వచ్చాయా లేదా, ఎంతసేపు పని ఆగింది, అన్నీ అక్కడే నిలబడి రాసుకో, పైకొచ్చాక గుర్తుండవు. పని సరిగా నడవని రోజు శాంపిల్ వదిలెయ్, మళ్లీ తియ్యి. కొత్త మిషన్ వచ్చినా, పని పద్ధతి మారినా గడువు కోసం చూడకుండా వెంటనే కొలవాలని రూలే చెబుతోంది. ఎవరూ అడగలేదని ఊరుకోకు, నువ్వే అడుగు. ఇంట్లో లగ్గం ఉన్నా సరే. నీ లగ్గమైనా సరే! ఇది రాస్తుంటే మీ పెద్దమ్మ తొంగి చూసి, అట్లాంటి మాటలు రాయొద్దని అంటోంది.

అంకె ఎక్కువ వస్తే పైవాళ్లకు టెన్షన్. "ఇంకోసారి చూడమ్మా" అంటారు. చూడు, కానీ మొదటిది కొట్టెయ్యకు. పేజీ నంబర్లున్న పుస్తకం అది, రెండూ ఉండనీ. మాస్కులు పంచాం కదా అంటారు. దుమ్ము తగ్గించే ఏర్పాటు అయ్యేదాకా మాస్కు ఆసరా, అంతే. మర్యాదగా చెప్పు, గొంతు పెంచకు. నీకు కోపం మీ బాపు లాగే ముక్కు మీద ఉంటుంది.

కింద పనిచేసేవాళ్లతో ఇంకో ఇబ్బంది. అంకె ఎక్కువ వస్తే పని ఆపుతారని, ఇన్సెంటివ్ పోతుందని వాళ్ల భయం. పంపు కట్టగానే ఒకడు తువ్వాలు కప్పుతాడు, ఒకడు విప్పి గాలి వచ్చే చోట వేలాడదీస్తాడు. తిట్టకు. కాలర్‌కు కట్టేటప్పుడే అన్నా, మామా అని పిలిచి, ఇది ఎందుకో రెండు మాటలు చెప్పు. వాళ్లతో కూర్చుని సద్ది తిను. నేనూ తిన్నాను, అందులో తప్పు లేదు. తినేటప్పుడు పంపు వైపు ఒక కన్ను ఉండాలి, అది నాకు లేకపోయింది.

మీ బాపు దగ్గు సంగతి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఐదేళ్లకోసారి పిలిచి ఎక్స్‌రే తీసేవాళ్లు. రిటైరయ్యాక వాణ్ని పిలిచేవాళ్లు లేరు, నేను చెబితే వినడు. "నీకన్నా చిన్నోణ్ని, నాకేమైతది" అంటాడు. నీ మాట వింటాడు. మొదటి జీతం రాగానే బట్టలు గిట్ట కొనకు, వాణ్ని తీసుకుపోయి ఛాతీ ఎక్స్‌రే తీయించు. పని ఎక్కడ చేశాడో, ఎన్నేళ్లు చేశాడో డాక్టరుకు నువ్వే చెప్పు, వాడు చెప్పడు.

నా పాత ఫోర్సెప్స్ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఒక కొస కొంచెం వంగింది, అయినా పట్టు బాగుంటుంది. ఆఫీసులో కొత్తవి ఇస్తే ఇది సంచిలో ఉండనీ.

సోమవారం షిఫ్ట్ అయ్యాక ఫోన్ చెయ్యి. అంకె ఎంతని అడగను, ఫిల్టర్ తూచేదాకా అది నీకూ తెలియదు. పైకొచ్చానని చెప్పు, చాలు.

మీ పెద్దబాపు