కొత్త మంచు సరస్సులోకి పురుగూ పుట్రా ఎలా చేరతాయి?

హిమానీనదం (కొండల మీంచి మెల్లగా జారే మంచు ప్రవాహం) వెనక్కి తగ్గిన చోట గుంటలో నీళ్ళు నిండి కొత్త సరస్సు పుడితే, అందులోకి కంటికి ఆనీ ఆనని జీవులు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరైనా తెచ్చి వదులుతారా అని మీ పాప అడిగిందన్నారు. చాలా మంచి ప్రశ్న. నేను ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివి, భీమిలి దాటాక ఒక రొయ్యపిల్లల హేచరీలో పదకొండేళ్ళు పనిచేశాను. మంచు కొండలు ఎక్కలేదు గానీ, ఈ ప్రశ్నకి సగం జవాబు రోజూ నా చేతుల మీదుగానే నడిచేది.

హేచరీలో రొయ్యపిల్లల మేతకి ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి డబ్బాలు వస్తాయి. మూత తీస్తే లోపల సన్నటి కాఫీపొడిలాంటి గోధుమరంగు పొడి. అదంతా గుడ్లే. ఒక గ్రాములో 2 లక్షల పైచిలుకు ఉంటాయి. ఒక్కో గుడ్డులో పిండం సగం ఎదిగి, అక్కడే ఆగిపోయి, చుక్క నీరు లేకుండా ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. సాయంత్రం ఉప్పునీళ్ళలో పోసి, కింద నుంచి గాలి కొట్టి, లైటు వేసి వెళ్తే, మర్నాడు ఆ వేళకి టబ్బంతా నారింజ రంగుకి తిరుగుతుంది. గాలి ఆపేసి కాసేపు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు అడుక్కి దిగుతాయి. టార్చి పెడితే వెలుగు వైపు గుంపుగా జరుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పదకొండేళ్ళ తర్వాత కూడా ఆ టబ్బు దగ్గర ఒక నిమిషం నిలబడకుండా వెళ్ళేదాన్ని కాదు.

ఆర్టీమియా ఉప్పు సరస్సుల జీవి, మంచు సరస్సులో బతకదు. కానీ మంచినీళ్ళలో ఉండే డాఫ్నియా, మోయినా, రోటిఫర్లు, కొన్ని కోపీపాడ్లు అనే బుల్లి జీవులు కూడా ఈ పద్ధతే నమ్ముకున్నాయి. చలి ముదిరినా, తిండి తగ్గినా, గుంపు ఎక్కువైనా ఇవి మామూలు గుడ్లు మానేసి గట్టి పెంకు గుడ్లు పెడతాయి. డాఫ్నియా అయితే వీపు మీద జీను లాంటి నల్లటి పొట్టులో రెండు గుడ్లు దాచి, ఒళ్ళు విడిచేటప్పుడు దాన్నీ వదిలేస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక సరస్సు అడుగు బురదలో దొరికిన, 600 ఏళ్ళు దాటిన డాఫ్నియా గుడ్లని కూడా శాస్త్రవేత్తలు పొదిగించారు. సైబీరియాలో గడ్డకట్టిన నేలలో 24,000 ఏళ్ళు పడి ఉన్న ఒక రోటిఫర్ కరిగించాక లేచి పిల్లల్ని పెట్టిందని 2021లో ప్రకటించారు.

ఇక ఇంట్లో చేసి చూసింది చెప్తాను. ఒక మే నెలలో అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి వెళ్ళాను. నీళ్ళు బాగా లోపలికి పోయి, అంచున బురద ఎండి పెచ్చులు లేచి ఉంది. ఆ పెచ్చులు సంచిలో వేసుకుంటుంటే, తాటిదోనె నడిపే పెద్దాయన "ఏటమ్మా, తామరలు ఒగ్గేసి బురద మూటగట్టుకుంటన్నారు?" అన్నారు. ఇందులో గుడ్లున్నాయి తాతా అంటే, నమ్మాలో వద్దో తెలీక నవ్వి ఊరుకున్నారు.

విశాఖ మధురవాడలో మా మేడ మీద మూడు బకెట్లు పెట్టాను. మూడింట్లోనూ కాచి చల్లార్చిన నీళ్ళే. మొదటి దాంట్లో ఆ ఎండు బురద వేసి దోమతెర కట్టాను. రెండోదానికి బురద లేదు, తెర మాత్రం కట్టాను. మూడోది బురదా లేదు, తెరా లేదు. నాలుగో రోజుకి మొదటి బకెట్‌లో తెల్లటి చుక్కలు గెంతుతూ కనిపించాయి. అవి మోయినాలు. అడుగున ఆవగింజలో సగం లేని పెంకు జీవులు పరిగెడుతున్నాయి, వాటిని ఆస్ట్రకాడ్లంటారు. రెండో బకెట్‌లో ఏమీ లేదు. మూడోదాంట్లో ముందు దోమపిల్లలు వచ్చాయి. పది రోజులయ్యాక అడుగున దుమ్ముతో కట్టుకున్న సన్నటి గొట్టాలు, వాటిలో ఎర్ర పురుగులు. అక్వేరియం షాపుల్లో బ్లడ్ వార్మ్ అని అమ్మేవి అవే. కుట్టని దోమల్లా ఉండే కైరోనమిడ్ ఈగలు వచ్చి గుడ్లు పెట్టిపోయాయన్నమాట.

మీ పాపకి ఈ మూడో బకెట్ గురించే బాగా చెప్పండి. మంచు వదిలిన నీళ్ళలో జరిగేదీ ఇదే వరస. రెక్కలున్నది ముందొస్తుంది, మోసుకురావాల్సింది వెనకొస్తుంది. అలాస్కాలో గ్లేసియర్ బే అనే చోట 1750 ప్రాంతంలో అఖాతం మొత్తం మంచుతో నిండి ఉండేది. ఇప్పటికి ఆ మంచు 100 కిలోమీటర్ల దాకా వెనక్కి పోయింది. అక్కడ కొత్తగా పుట్టిన వాగుల్ని అలెగ్జాండర్ మిల్నర్ అనే శాస్త్రవేత్త 1970ల చివరి నుంచీ గమనిస్తూ వచ్చారు. మొదట దిగినవి కైరోనమిడ్లే. ఎగరలేని నత్తల్లాంటివి రావడానికి దశాబ్దాలు పట్టింది.

అసలు మంచు మీద ఏమీ బతకదనుకోవడమే పొరపాటు. మంచు పైన నల్లటి దుమ్ము పేరుకున్న చోట ఎండకి చిన్న చిన్న గుంతలు పడతాయి, వాటిలో రోటిఫర్లు, టార్డిగ్రేడ్లు అనే ఎనిమిది కాళ్ళ బుల్లి జీవులు ఉంటాయి. నేపాల్‌లోని యాలా హిమానీనదం మీద మంచులోనే జీవితమంతా గడిపే కైరోనమిడ్ ఈగ ఒకటి ఉందని కోషిమా అనే జపాన్ శాస్త్రవేత్త 1984లో చెప్పారు. మైనస్ 16 డిగ్రీల దగ్గర కూడా అది నడుస్తుందట! మంచు కరిగి కిందికి జారుతుంటే వీటిలో కొన్ని ఎలాగూ సరస్సులోకి కొట్టుకొస్తాయి.

మిగతావాటిని తెచ్చేది గాలీ, పక్షులూ, పైనున్న పాత సరస్సుల నుంచి దిగే వాగులూ. గాలి దుమ్ముతో పాటు గుడ్లని లేపుతుంది, నిజమే. నా మట్టుకు నాకు దూరప్రయాణాలకి బాతుల మీదే నమ్మకం ఎక్కువ. కారణం నా మొదటి బకెట్‌లోనే దొరికింది. నెలన్నరకి మోయినాలు కిక్కిరిసిపోయి, నీటి అంచున నల్లటి చుక్కలు, అంటే వాటి గట్టి పెంకు గుడ్లు, తేలడం మొదలైంది. వేలు ముంచి తీస్తే నాలుగైదు చుక్కలు చర్మానికి అంటుకుని ఉన్నాయి. ఊదినా పోలేదు. గోడకి రాస్తే గానీ రాలలేదు. బాతు ఈకకీ, కాలి బురదకీ ఇలాగే అంటుకుంటాయి. బాతు మింగినా వీటిలో కొన్ని పెంట్లోంచి చెక్కుచెదరకుండా బయటపడతాయి.

ఇది చూడాలని మొదట తాపత్రయపడినవాడు డార్విన్. నత్తపిల్లలు పుడుతున్న తొట్టిలో బాతు కాళ్ళు వేలాడదీశాడు. పిల్లలు వాటికి ఎక్కి, నీళ్ళలోంచి తీశాక కూడా తేమ గాలిలో 12 నుంచి 20 గంటలు బతికాయి. ఆ వ్యవధిలో బాతు 600 మైళ్ళయినా ఎగరగలదని లెక్క కట్టాడు. ఆయన చనిపోయిన 1882లో, చివరగా అచ్చయిన రచనల్లో ఒకటి కూడా ఇదే సంగతి మీద. ఒక నీటి పెంకుపురుగు కాలు పట్టుకుని వేలాడుతున్న బుల్లి ఆల్చిప్ప గురించి రాశాడు. ఆ పురుగుని ఆయనకి పంపినాయన మనవడే, తర్వాతి కాలంలో డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్.

జంట లేకుండా ఒక్కటి వస్తే ఏం లాభం అంటారేమో. హేచరీలో మేం పెంచే ఆల్గే (కంటికి కనిపించని నీటి పాచి) ట్యాంకుల్లో రోటిఫర్ పడిందంటే గుండె గుభేలుమనేది. ఒక్క ఆడది చాలు, మగదానితో పని లేకుండా పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో తల్లులవుతాయి. ముదురు గోధుమరంగులో ఉన్న ట్యాంకు వారంలో తేట నీళ్ళయిపోయేది. ఒకసారి అలా నా చేతిలో రెండు ట్యాంకులు పోయాయి, రొయ్యపిల్లలకి మేత తగ్గి రాత్రంతా కూర్చున్నాం. మాకు చేటు చేసిన ఆ గుణమే కొత్త సరస్సులో వరమవుతుంది. ఒక్క గుడ్డు పడినా సరస్సు నిండుతుంది. ముందొచ్చినది అడుగు బురదలో తన గుడ్లు నింపేస్తే, తర్వాతొచ్చినదానికి చోటు దొరకడం కష్టం. పక్కపక్క సరస్సుల్లో కూడా వేరు వేరు వంశాలు కనిపించడానికి ఇదొక కారణం.

చేరితే మాత్రం బతకాలి కదా. హిమానీనదం రాతిని నూరిన పిండి కలిసి ఆ నీళ్ళు సున్నం కలిపిన నీళ్ళలా తెల్లగా ఉంటాయి. వెలుగు లోపలికి దిగదు, ఆల్గే తక్కువ. డాఫ్నియా నీళ్ళని జల్లెడ పట్టి తింటుంది, రాతిపిండి దాని జల్లెడలో అడ్డుపడుతుంది. అందుకే అలాంటి నీళ్ళలో రోటిఫర్లు, ఏరుకుని తినే కోపీపాడ్లు నిలబడతాయి. మంచు ఇంకా వెనక్కి పోయి నీరు తేరుకున్నాకే డాఫ్నియా వంతు. అప్పుడు అతినీలలోహిత కిరణాల బాధ మొదలవుతుంది. ఎత్తు సరస్సుల్లో కోపీపాడ్లు ఎర్రగా, డాఫ్నియాలు నల్లగా ఉండేది ఆ ఎండకి రంగు గొడుగు పట్టుకునే.

అన్నిటికీ ఈ నిద్ర గుడ్లు లేవు. మైసిస్ అనే రొయ్యలాంటి జీవి ఎండితే చచ్చిపోతుంది. ఉత్తర అమెరికాలోనూ, ఉత్తర ఐరోపాలోనూ పాత మంచు అంచున నిలిచిన పెద్ద పెద్ద సరస్సుల నీళ్ళు ఎక్కడిదాకా పాకాయో, తనంతట తాను అక్కడిదాకానే వెళ్ళగలిగింది. ఆపైకి చేరిన చోట్ల మనుషులే తెచ్చి వదిలారు. ఎవరైనా తెచ్చి వదులుతారా అని పాప అడిగినదానికి అదొక నిజమైన జవాబు.

మీకు కుదిరితే ఈ వేసవిలో పాప చేత బకెట్లు పెట్టించండి. మేఘాద్రిగెడ్డ జలాశయం వైపు అయినా, మీ ఊరి చెరువైనా, ఎండిన అంచు మట్టి గుప్పెడు చాలు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా రెండు రోజులు ఎండలో ఉంచి వాడండి. తెర లేని బకెట్‌లో దోమపిల్లలు కనిపించగానే, రెక్కలొచ్చేలోపు, నీళ్ళు మట్టిలో ఒంపేయండి, మన దగ్గర డెంగీ భయం ఉంది. బురద బకెట్ నీళ్ళు కూడా ఇంకో చెరువులో కాకుండా మొక్కల మొదట్లో పోయమనండి.